ఏడాదికి ఆరుసార్లు నీళ్ల పార్కు

గీత భర్త హన్మండ్లుకు తాగుడు లేదు, పేకాట లేదు, నోటి దురుసు లేదు. వాడకట్టు మొత్తం వెతికినా అంత బుద్ధిమంతుడు దొరకడు. అతనిలో ఉన్న లోపమల్లా ఒక్కటే. నాలుగు నెలలుగా రోజూ ఇంట్లోనే ఉంటున్నాడు.

పదిహేనేళ్లు షార్జాలో ఉండొచ్చిన మనిషి. మూడు వందల మంది కూలీలుండే క్యాంపుకు బాస్. ఎవరు ఎన్నింటికి లేవాలో, ఎవరు ఎన్ని నిమిషాల్లో స్నానం ముగించాలో అతనే చెప్పేవాడు. కోరుట్లకు వచ్చేశాక దుకాణం పెడదామని అద్దెకు మడిగెలు చూస్తున్నాడు గానీ ఒకదాని ముందు మురికి మోరీ, ఇంకొకదాని గోడ వంకర. కాబట్టి ప్రస్తుతానికి అతని చేతికింద మిగిలిన క్యాంపు ఇల్లే. అందులో నలుగురు: భార్య గీత, ఇంటర్ చదివే బిడ్డ మనీషా, ఆరో తరగతి మహేశ్, బీడీలు చుట్టే తల్లి బుచ్చవ్వ. వచ్చిన వారానికే బాత్‌రూమ్ టైమ్‌టేబుల్ రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. బుచ్చవ్వకు చదువు రాదు కాబట్టి ఇంట్లో ఆమె ఒక్కతే హాయిగా ఉంది.

ఆ గురువారం పొద్దున గీత ఉప్మా కలుపుతుంటే హన్మండ్లు గోడ మీది క్యాలెండర్ తీసుకొచ్చి పొయ్యి పక్కన పరిచాడు. దాంట్లో ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. రెండు నెలలకొకటి చొప్పున ఆరు.

"ఐతారం పార్కుకు పోతున్నం. మధుకు బండి చెప్పిన," అన్నాడు. "ఇగ లీవుల్లేవు గదా. రెండేండ్లకోసారి ఎందుకు? రెండు నెలలకోసారి పోదాం."

గీత చేతిలో గరిటె ఆగింది. వచ్చిన నాలుగు నెలల్లో అప్పటికే రెండుసార్లు పోయొచ్చారు. "సరే," అంది. మనీషా జడ వేసుకుంటూ "సరే బాపు" అంది. మహేశ్ కూడా "సరే బాపు" అన్నాడు గానీ ఉప్మా ప్లేటు కొంచెం దూరం జరిపాడు.

ఈ పార్కు సంగతి చెప్పాలంటే పదమూడేళ్లు వెనక్కు పోవాలి. హన్మండ్లు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మనీషాకు మూడేళ్లు. పెద్ద మీసాలతో, పెద్ద పెట్టెతో దిగిన మనిషిని చూసి తల్లి వెనక దాక్కుంది. ఆరు రోజులు అతని దగ్గరకు పోలేదు. ఏం చేయాలో తోచక ఏడో రోజు అందరినీ హైదరాబాద్ దగ్గరున్న నీళ్ల పార్కుకు తీసుకుపోయాడు. అక్కడ ఉత్తుత్తి సముద్రంలో ఒక పెద్ద అల రాగానే పిల్ల భయపడి, దగ్గరున్న మెడను పట్టుకుని, "బాపూ" అంది. ఆ మెడ హన్మండ్లుది.

అప్పటి నుంచి ప్రతి సెలవుకూ పార్కు ఖాయమైంది. ఎన్నాళ్లకోసారి పోవాలని ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు, ఆ సంగతి షార్జా కంపెనీయే చూసుకునేది. రెండేళ్లకు నలభై అయిదు రోజుల సెలవు, సెలవుకు ఒక పార్కు.

ఆ రోజుల్లోనే గీత పిల్లలకు ఒక రూలు పెట్టింది. బాపు ఉన్న నలభై అయిదు రోజులు ఆయన ఏదంటే దానికి సరే అనాలి. కొట్లాటలు, అలకలు, ఫిర్యాదులు ఏమున్నా ఆయన విమానమెక్కాక. ఫోన్లో కూడా మంచి ముచ్చట్లే చెప్పాలి, అంత దూరంలో రంది పెట్టుకుని ఏం చేస్తాడు? వాడకట్టులో సగం ఇళ్లలో మగవాళ్లు ఎడారిలోనే ఉన్నారు, సగం ఇళ్లలో ఇదే రూలు. గీత ఇంట్లో కాస్త గట్టిగా అమలైంది, అంతే.

ఆ సాయంత్రం హన్మండ్లు మడిగె చూడబోయినప్పుడు వంటింట్లో చిన్న మీటింగు జరిగింది. ఇన్నిసార్ల పార్కు మా వల్ల కాదని ఆయనకు ఎవరు చెప్పాలి అన్నది విషయం. నీ కొడుకే కదా నువ్వే చెప్పమని గీత అత్తను అడిగింది. నీ మొగనికి నేనెందుకు చెప్పాలె అని బుచ్చవ్వ తిప్పికొట్టింది. మనీషా తువ్వాల మడతపెట్టుకుంటూ కూర్చుంది. ఆఖరుకు అందరూ కలిసి చేసిన తీర్మానం, పులిహోర ఎంత చేయాలి అన్నదాని మీద.

శనివారం పొద్దున గీత ఫోను మోగింది. గీత పెరట్లో ఉంది. ఛార్జింగు దగ్గరున్న ఫోనును హన్మండ్లు ఎత్తాడు. అవతల మనీషా కాలేజీ పీఈటీ మేడం. ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషిలా ఉంది. ఐతారం సిరిసిల్లలో మ్యాచ్ పెట్టుకుని మనీషా రానంటుందేమిటని, ఆమె లేకపోతే కూతకు పోయేవాళ్లెవరని, జగిత్యాల సెలెక్షన్లలో అంత బాగా ఆడిన పిల్ల కదా అని, పోయినేడు తాకిన మోకాలు మళ్లీ నొస్తుందా అని అడిగింది. హన్మండ్లు అన్నింటికీ "ఆఁ మేడం, ఆఁ" అన్నాడు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

ఫోను తెచ్చి బుచ్చవ్వ బీడీల చాట పక్కన పెట్టాడు. గీత చింతపండు గిన్నెతో అప్పుడే లోపలికి వచ్చింది. పిల్లలిద్దరూ బ్యాగులు సర్దుతున్నారు. హన్మండ్లు గొంతు పెంచలేదు. క్యాంపులో కూడా పెంచేవాడు కాదట, అందుకే అక్కడ అందరికీ భయమట.

"మనీషా కబడ్డీ ఆడుతదా?"

"రెండేండ్ల సంది," అన్నాడు మహేశ్ చటుక్కున. తర్వాత ఇది చెప్పాల్సిన ముచ్చటో చెప్పగూడని ముచ్చటో తేలక తల్లి మొహం చూశాడు.

"మోకాలుకు ఎప్పుడు తాకింది?"

"పోయినేడు," అంది గీత. "పెద్దగేం గాలే. రెండు వారాలు పట్టి కట్టిండ్రు. ఆడ ఉత్తగ రంది పెట్టుకుంటవని చెప్పలే."

"అప్పుడు సరే. నేనచ్చి నాలుగు నెలలాయె. ఇప్పుడెందుకు చెప్పలే?"

గీత దగ్గర ప్రతిదానికీ జవాబుంటుంది. పెళ్లప్పటి నుంచీ ఆమెకున్న పేరే అది. ఈసారి మాత్రం చింతపండు నానిందో లేదో చూసుకుంది.

"బండి మధుకు తెలుసా?" అని అడిగాడు.

మధుకు తెలుసు, జగిత్యాల సెలెక్షన్లకు తీసుకుపోయింది అతనే. పాలు పోసే ఎల్లేశం మొన్న మ్యాచ్ కూడా చూసిండని బుచ్చవ్వ బీడీ చుడుతూ చెప్పింది. కొడుకుకు వివరాలు కావాలేమో అనుకుంది పాపం.

హన్మండ్లు గడప మీద కూర్చున్నాడు. "ఏడు లీవులు. ఒక్కొక్కటి నలభై అయిదు రోజులు. మొత్తం కలిపితే ఏడాది గూడ గాదు గీతా. పదిహేనేండ్లల్ల నేను పిల్లలతోని ఉన్నది ఏడాది కన్న తక్కువ. గా తక్కువైంది నింపుదామనే పార్కు పార్కు అంటున్న. ఆడ నీళ్లలకు దిగితే నా మెడ పట్టుకుంటరు. ఇంట్ల ఏమడిగినా సరే బాపు, సరే బాపు. ఇంటికచ్చిన చుట్టంతోని మాట్లాడినట్టు."

మనీషా చేతిలో ఉన్న తువ్వాలను మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"బాపు, నాకు పార్కు ఇష్టం లేదు," అంది చివరికి. "ఆరో తరగతి నుంచి లేదు. ఆ నీళ్లకు ఒళ్లంత దద్దుర్లు అస్తయి. నీకిష్టమని అస్తున్న. రేపు మ్యాచ్ గూడ నీకోసమే వద్దన్న." తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అక్క ఏడుపుతో మహేశ్‌కు ధైర్యం వచ్చింది. "నాకు తొవ్వల వాంతులైతయి బాపు. ప్రతిసారి. వేములవాడ దాటంగనే. ఒంటికి పోయిండని మమ్మీ నీకు చెప్తది గని నేను బండెనుక కక్కుతుంట."

హన్మండ్లు తల్లి వైపు తిరిగాడు. "నీకేం కష్టమున్నదే అవ్వా? నువ్వు గూడ చెప్పెయ్."

"నాకేం కష్టం రా. నాకు మంచిగుంటది," అంది బుచ్చవ్వ. "మీ సంచులు, చెప్పులు ముందటేసుకుని కుర్చీల కూసుంట. ఒక్కలు పని చెప్పరు. చుట్టే బీడీ లేదు, ఎండేసిన మిరపకాయల కావలి లేదు. మంది కింద మీద పడుతుంటే సూసుకుంట నవ్వుకుంట. వీళ్లు రాకపోతే పాయె, నన్ను తోల్కపో."

తొమ్మిదిసార్లు పార్కుకు పోయిన బుచ్చవ్వ కాలివేలు కూడా తడవలేదని అప్పుడు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

హన్మండ్లు లేచి స్కూటర్ తీసుకుని పోయాడు. గీత చింతపండు పిసుకుతూనే ఉంది, ఆ రసం పులిహోరకో దేనికో ఆమెకే తెలియదు. గంట తర్వాత తిరిగొచ్చి మనీషా చేతిలో ఒక పొట్లం పెట్టాడు. మోకాళ్లకు తొడుక్కునే పట్టీలు. మందుల షాపులో కీళ్ల నొప్పుల ముసలివాళ్లకు ఇచ్చేవి అంటగట్టారు. మనీషా కళ్లు తుడుచుకుని, తొడుక్కుని చూసి, నవ్వాపుకుంటూ ఇవి కబడ్డీవి కావు బాపు అంది. బుచ్చవ్వ వెంటనే చెయ్యి చాపింది. ఆమెకు అతికినట్టు సరిపోయాయి.

"మధుకు చెప్పిన," అన్నాడు హన్మండ్లు. "బండి సిరిసిల్ల దాకనే."

ఐతారం పొద్దున్నే బయల్దేరారు. కథలాపూర్ దాటి, రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. వాళ్లు పార్కుకు పోయే తొవ్వ కూడా ఇదే. తొమ్మిదిసార్లు సిరిసిల్ల మీదుగా పోయారు, ఒక్కసారీ దిగలేదు. ఇంత తొందరగా దిగిపోతున్నందుకు మహేశ్ ఎంత సంతోషపడ్డాడంటే, అలవాటు కొద్దీ వాంతి చేసుకోవడం కూడా మర్చిపోయాడు.

గ్రౌండులో హన్మండ్లు ఐదు నిమిషాలే ఊరుకున్నాడు. ఆ తర్వాత క్యాంపు బాస్ బయటకొచ్చాడు. కోర్టు అంచు వెంట పరుగెత్తుతూ ఎడమకు పొమ్మని, కుడికి పొమ్మని, కాలు అందుకొమ్మని చెప్పసాగాడు. కబడ్డీ గురించి అతనికి తెలిసిందంతా నిన్న ఒక్క సాయంత్రంలో ఫోనులో చూసి నేర్చుకున్నది. రిఫరీ రెండుసార్లు వెనక్కు జరగమన్నాడు. అవతలి జట్టు పిల్లలు కూడా ఇతను చెప్పినట్టు వింటున్నారని గీతకు అనుమానం వచ్చింది.

సగం ఆట కాగానే మనీషా మట్టి కొట్టుకుని నేరుగా అతని దగ్గరకు వచ్చింది.

"బాపు, నువ్వు లొల్లి చేయకు. నీ మాటలకు నాకు కూత ఆగిపోతున్నది. పొయ్యి బాపమ్మ పక్కన గమ్మున కూసో."

మహేశ్ కళ్లు మూసుకున్నాడు. హన్మండ్లు బుద్ధిగా వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"కూసోమన్నది," అన్నాడు గీతతో, మెల్లగా. "నన్ను. గట్టిగ." ఏదో బహుమతి వచ్చినట్టు మొహం వెలిగిపోతోంది. కొంచెం సేపటికి రుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు. నిజానికి గాలి అటు నుంచి వీయడమే లేదు.

కోరుట్ల జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. మనీషా వచ్చి అందరి మీదా విసుక్కుని, పులిహోరలో పల్లీలు తక్కువైనాయని తల్లిని తప్పుపట్టి, రెండు ప్లేట్లు తిన్నది. అందరూ గ్రౌండు గోడ నీడన కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పుండ్రి," అన్నాడు హన్మండ్లు. "పార్కుకు ఎన్నిసార్లు పోదాం? సరే బాపు అన్నోళ్లకు పులిహోర లేదు."

ఆ ఇంట్లో ఎన్నడూ జరగని లొల్లి అప్పుడు మొదలైంది. మనీషా రెండేళ్లకోసారి చాలంది, అదీ పరీక్షలు లేనప్పుడే. రైలుంటే రోజూ అన్నాడు మహేశ్, బండి అయితే వద్దే వద్దు. నెలకోసారి అంటూ పట్టీలు వేసిన మోకాలు చాపుకుని బుచ్చవ్వ గట్టిగా కూర్చుంది. నీళ్లలోకి దిగుతావా మరి అని మనవడు నిలదీస్తే, దిగుత, నీ లెక్క కక్కుతనా అంది. పక్క జట్టు వాళ్లు ఏమైందోనని తొంగి చూశారు. మధు బండి దగ్గర నుంచి వచ్చి తన మాట ఎవరూ అడగకుండానే చెప్పాడు. మధ్యలో కూర్చున్న హన్మండ్లు ఎవరినీ ఆపలేదు. వినడానికే ఇంత దూరం వచ్చినవాడిలా ఒక్కొక్కరి మొహం చూస్తూ ఉన్నాడు.

"ఏడాదికొక్కసారి," అన్నాడు చివరికి. "ఎండకాలం. ఇష్టమున్నోళ్లే రావాలె. ఎవ్వలు రాకుంటే నేను, అవ్వ పోతం." తర్వాత గీత వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్? ఇందాకటి సంది సప్పుడు జేస్తలేవు."

గీత సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు కంపెనీ తప్పు. బస్సు పోతే ఆ బస్సుకే తొందరెక్కువ. పందొమ్మిదేళ్ల సంసారంలో తన వల్ల ఒక గ్లాసు పగిలిందని కూడా ఒప్పుకోలేదు. పులిహోర డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"వాళ్లకు నోరు మూసుకోమని చెప్పింది నేనే," అంది. "బాపు మెచ్చేదే మాట్లాడుండ్రని. నలభై అయిదు రోజులకని పెట్టిన. నువ్వు అచ్చినవని పిల్లలకు చెప్పిన గని, ఇగ పోవని చెప్పుడు మర్చిపోయిన." డబ్బా పక్కన పెట్టి, అందరికీ వినబడేంత గట్టిగా అంది. "తప్పు నాదే."