నాలుగు రెట్ల పొట్టు

ఉదయం ఏడున్నరకు లారీ రివర్సులో వచ్చి గేటు ముందు ఆగింది. ఆఫీసుకు తయారైన కూతురు బయటికి వచ్చేసరికి చెక్క పొట్టు గుట్టగా జారిపడుతోంది. తడి ఆరిపోకుండా మొక్కల చుట్టూ పరచడానికి తెప్పించినది. ఉన్నవి రెండే మడులు. పడిన గుట్ట మాత్రం దారి మొత్తం మూసేసింది.

"నాన్నా! ఏం లెక్క వేశావు నువ్వు?"

తండ్రి నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడు. ఈమధ్య రెండుసార్లు స్టవ్ ఆర్పడం మరిచాడని పనులన్నీ కూతురు తన చేతుల్లోకి తీసుకుంది. ఈ పొట్టు సంగతి ఒక్కటే ఆయనకు వదిలింది. దుకాణంలో ఆయన గుప్పెడు గుప్పెడు తీసి వాసన చూశాడు. రంగు వేసినదీ, పుల్లటి వాసన కొట్టేదీ వద్దన్నాడు. వానకు కొట్టుకుపోకుండా ఒకదానికొకటి పట్టుకునే గట్టి చెక్క పొట్టే కావాలన్నాడు. ఇంటికొచ్చి, మడులు కొలిచి, కాగితం మీద లెక్క కట్టాడు. ఎంత కావాలో దుకాణానికి ఫోను చేసి చెప్పింది మాత్రం కూతురే.

"ఒక్కో మడి ఇరవై అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. మందం మూడంగుళాలు. సరిగ్గానే వేశాననుకున్నానమ్మా," అన్నాడాయన సన్నగా.

"స్టవ్ కూడా ఆర్పాననే అనుకున్నావు! ఇక నావల్ల కాదు. రేపే ఉద్యోగం మానేస్తాను. నీకేమవుతుందోనని పగలంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకలేను."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. జేబులోని కాగితం తీసి ఇచ్చాడు.

"ఎక్కడ తప్పానో నువ్వే చెప్పు."

ఇంతలో డ్రైవరు సంతకానికి రసీదు తెచ్చాడు. "నూట అరవై ఘనపుటడుగులు. ఫోన్లో మీరు చెప్పిందే కదా మేడమ్?"

ఆమె కాగితం విప్పింది. పై వరుసలో, రెండు మడులూ కలిపి నూట అరవై చదరపు అడుగులు. దాని కింద, మందం పావు అడుగు కాబట్టి నలభై ఘనపుటడుగులు. నలభై చుట్టూ సున్నా కూడా చుట్టి ఉంది.

"నాన్నా... హడావుడిలో పై వరుస చదివేశాను. తప్పు నాది."

"ఏదీ, మళ్లీ చెప్పు. నా లెక్క తప్పలేదా?"

"తప్పలేదు నాన్నా."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ గుట్ట చూడగానే నిజంగానే నా బుర్ర పాడైపోయిందనుకున్నాను."

ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుని భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. "పోయిన వారం నేనూ స్టవ్ ఆర్పలేదు. నీకు చెప్పలేదంతే."

"ఓసి దొంగా!" అన్నాడాయన. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

మిగిలినది ఇంకొకరికి కావాలంటూ డ్రైవరు తిరిగి లారీలోకి ఎత్తుకున్నాడు. ఆ పూట ఆమె ఆఫీసుకు సెలవు పెట్టింది. ఇద్దరూ కలిసి మడుల్లో పొట్టు పరిచారు.

"మొక్క మొదలుకు ఆనించకే, కుళ్లిపోతుంది. కాస్త గాలి ఆడనివ్వాలి."

"అలాగే నాన్నా," అని ఆమె పొట్టును రెండు చేతులతో వెనక్కి జరిపింది.