తూలే నడక

ఉప్మాలో ఉప్పు వేసిందో లేదో వాసంతికి గుర్తు రాలేదు. ఒక చేత్తో కిచెన్ గట్టు పట్టుకుని, ఇంకో చేత్తో గరిటె తిప్పుతూ మళ్లీ వేసింది. ఎనిమిదేళ్ల లాస్య ఒక్క ముద్ద తిని "మమ్మీ, టూ సాల్టీ!" అంటూ ప్లేటు తోసేసింది. సాయినాథ్ ఆఫీసుకు లేస్తూ, భార్య తాగి పెట్టిన గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వాసంతి అది చూసింది.

ఏప్రిల్‌లో కిడ్నీ ఇన్ఫెక్షన్ ముదిరి ఆమె తొమ్మిది రోజులు హాస్పిటల్లో ఉంది. డ్రిప్‌లో ఎక్కించిన మందులు ప్రాణం నిలబెట్టాయి. కానీ ఇంటికొచ్చాక కాలు నిలవలేదు. నడిస్తే తూలేది. చీకట్లో గోడ పట్టుకోకపోతే పడిపోయేది. ఆ వెనకే మతిమరుపు. ఫార్మసీలో పదకొండేళ్లు పనిచేసిన మనిషి, మందుల పేర్లు తారుమారవుతుంటే భయపడి ఉద్యోగం మానేసింది. ఇంగ్లండ్‌లో వాళ్లుండే రీడింగ్ ఊళ్లో, తమ వీధి చివరే నిలబడి, ఇల్లు ఎటో తెలియక ఒకరోజు ఏడ్చింది. డిప్రెషన్ కావచ్చన్నారు జీపీ, అంటే వాళ్ల ఫ్యామిలీ డాక్టర్. బ్యాలెన్స్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ దొరికేసరికి నవంబరు వచ్చింది.

ఆ మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర టీచరు ఇబ్బందిగా చూసింది. "సారీ, లాస్యను మీతో పంపలేను. వాళ్ల నాన్న ఈమెయిల్ పెట్టారు."

చుట్టూ ఉన్న తల్లులు మాటలాపేశారు. వాసంతి కంచె పట్టుకుని నడుచుకుంటూ ఒక్కతే ఇల్లు చేరింది.

సాయంత్రం సాయినాథ్ పాపను తీసుకొచ్చి మేడ మీదకు పంపగానే అడిగింది. "స్కూలుకి ఏమని రాశారు?"

"నువ్వు తూలుతూ రోడ్డు దాటుతున్నావని ఇద్దరు పేరెంట్స్ ఫోన్ చేశారు. తాగి వస్తోందా అని అడిగారు. నన్నేం చెప్పమంటావు?"

"నన్ను అడగాల్సింది! గ్లాసు వాసన చూసే బదులు నన్ను అడగలేకపోయారా?"

"ఏది అడిగినా గుర్తులేదంటావు! పాపను ఏ బస్సు కిందో పెడతావేమోనని నా భయం."

వాసంతి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "నా భయమూ అదేనండీ. నలభై ఒక్క ఏళ్లకే నా మతి పోతోంది. చెబితే పిల్లను దూరం చేస్తారని చెప్పలేదు. చెప్పకపోయినా చేశారు."

ఆ వారమంతా పాపను సాయినాథే స్కూలు నుంచి తెచ్చాడు; వారం చివర వాసంతిని క్లినిక్‌కూ తనే తీసుకెళ్లాడు.

క్లినిక్‌లో డాక్టర్ గారు వాసంతిని నడవమన్నారు. మెల్లగా, తిన్నగానే నడిచింది. "ఇప్పుడు నడుస్తూ వంద నుంచి ఏడేడు తగ్గిస్తూ చెప్పండి."

"తొంభై మూడు..." అంది. రెండో అడుగుకే పక్కకు ఒరిగింది. సాయినాథ్ పట్టుకున్నాడు. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి తూలలేదు గానీ అంకె మరిచిపోయింది.

మిగతా పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ గారు చెప్పారు. "రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ చూసే భాగం దాదాపు పనిచేయడం లేదు. అప్పుడిచ్చిన యాంటీబయాటిక్ కొందరికి ఇలా చేస్తుంది. మనం ఎటు తిరిగామో, ఎక్కడున్నామో చెవి మెదడుకు చెబుతూ ఉంటుంది. జ్ఞాపకాల భాగానికి కూడా ఆ కబురు కావాలి. అది ఆగితే అక్కడి రసాయనాలూ మారవచ్చంటున్నారు పరిశోధకులు. ఇంకా పూర్తిగా తేలలేదు. పైగా వాసంతి గారు పడకుండా నిలబడడానికే మెదడంతా పెడుతున్నారు. గుర్తుపెట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది?"

"అంటే నాకు మతి పోవడం లేదా?"

"ఈ పరీక్షల్లో మతి పోయే జబ్బు లక్షణాలేవీ కనిపించలేదు. పోయిన బ్యాలెన్స్ చాలావరకు తిరిగి రాదు. అయినా వ్యాయామాలతో నడక మెరుగుపడవచ్చు."

వాసంతి ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడు నెలలు ఆమె ఒక్కో అడుగుకూ ఎంత కష్టపడిందో సాయినాథ్‌కు అప్పుడు తెలిసింది.

"తప్పు చేశాను, వాసంతీ," అన్నాడు కారు దగ్గర.

"నాతో కాదు. గేటు దగ్గర అందరూ విన్నారుగా. అక్కడ చెప్పండి."

మర్నాడు అతను సెలవు పెట్టి, వాసంతితో కలిసి స్కూలు గేటు దగ్గరికి వెళ్లాడు. తల్లులందరి ముందూ టీచరుతో గట్టిగానే అన్నాడు. "నా భార్య తాగలేదు. ఆమెకు చెవి జబ్బు. నేను తెలుసుకోకుండా ఈమెయిల్ రాశాను. లాస్యను వాళ్లమ్మతో పంపండి."

లాస్య పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని ఆ రోజు కబుర్లు మొదలుపెట్టింది.

"ఆగమ్మా," అంది వాసంతి. "నడుస్తూ వింటే మమ్మీకి గుర్తుండదు. ఆ బెంచీ దాకా నడుద్దాం. కూర్చుని అంతా వింటాను."

"ఓకే మమ్మీ." లాస్య పెదవులు బిగించి, తల్లి అడుగుకు అడుగు కలిపింది. వెనక సాయినాథ్ కళ్లు తుడుచుకుంటూ నడిచాడు.

బెంచీ మీద కూర్చుని వాసంతి ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు చెప్పు."