ఇంటికొక్క ఓటు

"ఇదిగో, ఏమబ్బా, ఆ కాగితం యాడ పెడతాండావు?"

మూడో అంతస్తు మెట్ల మీంచి నాగవేణి వేసిన కేకకు, తలుపు దగ్గర వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయాడు. ఆమె అప్పుడే ఆ తలుపు ముందు పెట్టిపోయిన కాగితం మీద అతను ఇంకో కాగితం పెడుతున్నాడు.

"మా మేడం కాగితం మింద మీది పెడితే, లోపలోళ్ళకి మాది కనపడేదెట్ల?"

అతను తీరిగ్గా నిలబడ్డాడు. నూనె రాసి దువ్విన జుట్టు, కంపెనీ పేరు కుట్టిన నీలం చొక్కా, చంకలో కాగితాల కట్ట.

"మీది కింద, మాది మీద. రేపు ఓట్లల్ల గూడ గంతే."

"నీకు ఓటుందా?"

"లేదు. నీకున్నదా?"

ఆమెకూ లేదు. అవి మస్కట్ ఇండియన్ స్కూలు బోర్డు ఎన్నికలు. అక్కడ పిల్లల్ని చదివించే తల్లిదండ్రులకే ఓటు, అదీ ఇంటికొక్కటే. డ్రైవర్లకూ పనిమనుషులకూ కాగితాలు పంచే పని మాత్రం ఉంది.

"మనకు ఓటు గావాలంటే ముందుగాల పిల్లలుండాలె. పిల్లలు గావాలంటే ముందుగాల..." అని ఆపి, అతను నవ్వాడు.

"గమ్మునుండు" అంది నాగవేణి. చెవులు వేడెక్కాయి. గబగబా మెట్లు దిగబోయింది.

"ఓ పిల్లా, మెట్లు తడిగున్నయ్. పైలం."

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. మొహంలో రంగు పోయింది.

"నాకెందుకు పైనం? నేను పోతాండానని ఎవరు చెప్పినారు నీకు?"

"పైనం గాదు, పైలం. పైలమంటే... పైలమే. జాగ్రత్త అన్నట్టు."

"జాగర్త అని చెప్పేదానికి నోరు రాదా?"

"మా దిక్కు గిట్లనే అంటరు. నువ్వెందుకు గంత భయపడ్తున్నవ్?"

ఆమె మెట్లు దిగిపోయింది. చెప్పాలంటే చాలా చెప్పాలి.

నాగవేణిది కడప వైపు. మస్కట్లోని అల్ ఖువైర్ పేటలో బ్యాంకు ఆఫీసరు గారింట్లో పనికి వచ్చి నాలుగేళ్ళయింది. ఆ ఇంటి చిన్నవాడు చింటూ ఆమె చేతుల మీదే నడక నేర్చాడు. ఈ ఏడు వాడు స్కూల్లో చేరాడు. ఇక ఇంట్లో మనిషి అక్కర్లేదని, మార్చిలో వీసా అయిపోతే మళ్ళీ పొడిగించననీ సారు చెప్పేశాడు. ఊళ్ళో అమ్మ పోయింది. అన్న ఇంట్లో వదిన ఆమెను చుట్టంగానే చూస్తుంది, అదీ నాలుగు రోజులకు మించి ఉండని చుట్టంగా. పైనం అనే మాట వింటేనే ఆమె గుండె జారిపోయేది.

ఒక్క దారి ఉంది. ఆ మధ్య చింటూ బస్సులో నిద్రపోయి సీటు కిందికి జారాడు. చూడకుండా డ్రైవరు బస్సును షెడ్డుకు తీసుకుపోయాడు. బస్సులోంచి వాడు దిగకపోయేసరికి నాగవేణి చెప్పులు కూడా లేకుండా ఆ ఎండలో షెడ్డుదాకా పరుగెత్తింది. చెమటతో తడిసి ముద్దయిన పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చాక, ఏడుపు వాడికి కాదు, ఆమెకు ఆగలేదు. ఆ రోజే చింటూ తల్లి శ్రీవాణి మేడం పంతం పట్టింది. స్కూలు బోర్డుకు నిలబడతాననీ, గెలిస్తే ప్రతి బస్సులో ఒక ఆయాను పెట్టిస్తాననీ.

"మొదటి ఆయావి నువ్వే నాగవేణీ. వీసా స్కూలే ఇస్తుంది" అంది మేడం.

బోర్డులో సీట్లు ఐదు. అవతల మలయాళీలు, తమిళులు, గుజరాతీలు ఎవరి వాళ్ళను వాళ్ళు నిలబెట్టుకున్నారు. ఉన్న గుప్పెడు తెలుగు ఓట్లకు ఇద్దరు పోటీ. ఒకరు శ్రీవాణి మేడం. రెండోవారు కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇంజనీరు రఘుపతి సారు. ఆయన డ్రైవరే ఈ మెట్ల మీది మనిషి. పేరు సురేందర్. జగిత్యాల దిక్కు.

ఆ తర్వాత ప్రతి బిల్డింగులోనూ ఎదురుపడడమే. ఆమె పైనుంచి దిగుతుంటే అతను కిందినుంచి ఎక్కేవాడు.

"మీ సారు గెలిస్తే ఏం జేచ్చాడంట?"

"సైన్సు ల్యాబు గట్టిస్తడంట. కప్పలను గోస్తరంట అండ్ల."

"పాపం కప్పలు. వాటికైనా ఓటియ్యాల్సింది."

అతను నవ్వితే మెట్ల గోడలు కూడా నవ్వినట్టుండేది. పోయేటప్పుడు ప్రతిసారీ "పైలం" అనేవాడు. ప్రతిసారీ ఆమెకు ముందు "పైనం" అనే వినపడేది, గుండె ఒకసారి ఆగేది, తర్వాతే నవ్వొచ్చేది. ప్రేమ ఆమెకు అలాగే వచ్చింది, ముందు భయంగా, ఆ వెనక నవ్వుగా.

జనవరిలో ఒక సాయంత్రం వాన పడింది. మస్కట్లో వాన పడితే జనం తలుపులు వేసుకోరు, తెరుచుకుని బయటికొస్తారు. ఆఫీసుల వాళ్ళు కార్లు ఆపి చేతులు బయటపెట్టి తడుపుకుంటున్నారు. ఏడాదంతా ఎండి ఉండే వాగు, వాదీలో ఎర్రనీళ్ళు పారుతున్నాయి. కాగితాలు కొంగు కింద దాచుకుని నాగవేణి ఒక దుకాణం ముందుకు పరుగెత్తితే, అక్కడ సురేందర్ అప్పటికే ఉన్నాడు, కాగితాలు చొక్కా లోపల పెట్టుకుని.

"మీ సారు పొట్టలా ఉండాది నీ పొట్ట" అంది.

"గాయిన ఫోటోనే ఉన్నది లోపట."

కాసేపు ఇద్దరూ వాన చూశారు. చినుకు ఒకటి ఆమె ముక్కు చివర ఆగింది. అతను ఆ చినుకును చూస్తున్నాడని ఆమెకు తెలిసింది, తుడుచుకోలేదు.

"ఇంటికొక్కటే ఓటు గదా. మొగుడెయ్యాల్నా పెండ్లామెయ్యాల్నా?" అన్నాడు అతను, వాననే చూస్తూ.

"ఎవరింట్లో?"

"ఊకెనే అడిగిన. మా ఇంట్లయితే ఆమెనే ఎయ్యుమంట. నేను ఎనుక నిలబడి పిల్లను ఎత్తుకుంట."

"పిల్లనే? పిల్లోడైతే?"

"అయితే ఒప్పుకున్నట్టేనా?"

ఆమె నవ్వు దాచుకుంటూ కొంగు కింది కాగితాలు సర్దుకుంది. పడమటి వైపు మబ్బు విడి రోడ్డంతా మెరుస్తోంది. అంత సంతోషంలోనే ఆమెకు మార్చి నెల గుర్తొచ్చింది. గుర్తొచ్చాక దాచుకోలేకపోయింది. వీసా సంగతి, బస్సులో చింటూ సంగతి, ఆయా ఉద్యోగం సంగతి, మేడం ఓడిపోతే తను వెళ్ళిపోవాల్సిన సంగతి అంతా చెప్పేసింది.

సురేందర్ మొహంలో నవ్వు ఆరిపోయింది. చొక్కా లోపలి కాగితాలు బయటికి తీసి వాటి వైపు చూశాడు.

"అంటే గిన్ని దినాల సంది నిన్ను ఊరికి తోలనీకే నేను కష్టపడ్తున్ననా?"

"నీ డ్యూటీ నువ్వు చేసినావు. తప్పేముంది దాంట్లో?"

అతను కాగితాలు మళ్ళీ చొక్కాలోకి తోశాడు. వాన వెలిశాక "పైలం" కూడా అనకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మనిషి రోజూ చెప్పే మాట మర్చిపోయి వెళ్తే ఏదో జరగబోతుందని ఆమె నమ్మకం.

శుక్రవారం పోలింగు. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలే, ఆదివారం బడి ఉంటుంది. స్కూలు గేటు దగ్గర మేడం కాగితాలతో నాగవేణి నిలబడింది. అల్ మవాలే పేట నుంచి ఓటర్లను తీసుకొచ్చే పని రఘుపతి సారు సురేందర్‌కు అప్పజెప్పాడు. వ్యాను నాలుగు సార్లు వచ్చింది. నాలుగోసారి దిగిన సంగీత అనే ఆవిడ చంటిపిల్లను భుజాన వేసుకుని నేరుగా నాగవేణి దగ్గరికే వచ్చింది.

"చెప్పుల్లేకుండ ఉరికినామెవి నువ్వేనా?"

"ఎవరు చెప్పినారక్కా?"

"గా డ్రైవరే. దారి పొడుగూత నీ ముచ్చటనే. బస్సుల పిల్లగాడు పండుకుంటే ఎవ్వలు జూడలేదంట గదా. నాకూ ఇద్దరు పోరగాండ్లు గదే బస్సెక్కుతరు. మా వ్యానంత మీ మేడమ్‌కే ఏస్తున్నది, ఫికరు జెయ్యకు."

నాగవేణి వ్యాను వైపు తిరిగి చూసింది. జనం లోపలికి వెళ్ళాక వ్యాను దగ్గరికి పరుగెత్తింది.

"ఎంత పని చేసినావు? మీ సారుకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? వోటు డబ్బల పేర్లుంటయా?"

"నీ పని పోతాది."

"డ్రైవరుకు పనులు దొరుకుతయ్. నాకు నువ్వు మల్ల దొరుకుతవా?" అన్నాడు. అని, మొహం పక్కకు తిప్పుకుని స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు.

సాయంత్రం ఫలితాలు వచ్చాయి. శ్రీవాణి మేడం ఐదో స్థానంలో గట్టెక్కింది. రఘుపతి సారు తొమ్మిదిలోనో పదిలోనో ఉన్నాడు. మేడం ఇల్లంతా జనం, కేసరి వాసన. నాగవేణి పళ్ళాలు అందిస్తూ తలుపు గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

రఘుపతి సారు మర్యాద తప్పని మనిషి. అభినందించడానికి తనే వచ్చాడు. కేసరి తిన్నాడు. పోతూ పోతూ గుమ్మం బయట మెట్ల మీద నిలబడ్డ సురేందర్ ముందు ఆగాడు. ఖాళీ పళ్ళెంతో నాగవేణి తలుపు దగ్గరే ఉంది.

"మా వ్యాన్ల వచ్చినోళ్ళే చెప్పిన్రు. నీ డ్రైవరు మంచి ప్రచారం చేసిండని మెచ్చుకున్నరు" అన్నాడు సారు. గొంతు పెంచలేదు.

సురేందర్ తల వంచుకున్నాడు.

"ఎందుకు జేసినవ్?"

సురేందర్ ఒక్కసారి నాగవేణి వైపు చూశాడు. సారు కూడా చూశాడు. మార్చి సంగతి, వీసా సంగతి తలుపు దగ్గర నిలబడే ఆమే చెప్పింది.

ఆయన మెట్ల ఇనుప కమ్మీ పట్టుకున్నాడు.

"నాకొక్క మాట చెప్తే పేరు వాపస్ తీసుకుందును గదరా. నాకేం వచ్చేది గా సీటుతోని? మా ఆవిడ నిలబడుమంటే నిలబడ్డ." అని, రెండు మెట్లు దిగి, వెనక్కి చూడకుండా అన్నాడు. "రైసూత్ల కొత్త సైటుకు డ్రైవరు గావాలంట. ఆదివారం బస్సుకు పో. నిన్ను ఇగ ఈడ ఉంచుకోలేను. కారుల ఎనుక కూసోని నీ మీద నమ్మకం పెట్టలేను."

తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకోవచ్చు. ఆయన తిట్టలేదు. పళ్ళెం పట్టుకున్న నాగవేణికి అప్పుడర్థమైంది, ఒక్క మాట అడిగి ఉంటే ఎవరూ ఎక్కడికీ వెళ్ళే పనే లేదని. వాన పడ్డ సాయంత్రం ఆ మాట ఇద్దరికీ తట్టలేదు. సార్లను అడగొచ్చని వాళ్ళకెప్పుడూ తెలియదు.

ఆదివారం పొద్దున చింటూను స్కూలు బస్సెక్కించి ఆమె నిలబడి ఉంటే సురేందర్ వచ్చాడు. భుజాన ఒక సంచి.

"రైసూత్ ఎంత దూరం?"

"వెయ్యి కిలోమీటర్లంట. నడుమ అంత ఇసుకనే."

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

"సైటు అయిపోంగనే. గప్పటిదాంక నువ్వు బస్సుల పిల్లలను జూసుకో. ఒక్కలను గూడ ఇడిసిపెట్టకు."

"నిన్నే ఇడిసిపెడతాండా గదా" అంది.

"ఏడ్వకు. నేనే పైనం పోతున్న, నువ్వు కాదు. నువ్వు గెలిసినవ్." అతను ఆమె మాటే పలికాడు, ఆమె యాసలోనే.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. అతని మాట కోసం వెతుక్కుంది. మొదటిసారి తప్పు లేకుండా పలికింది.

"పైలం."

శుక్రవారాలు మేడం ఇంటికి ఫోను వచ్చేది. లైనులో సముద్రం హోరు, దాని వెనక అతని గొంతు. ఒకసారి రైసూత్ పోర్టు గురించి చెప్పాడు, ఒకసారి ఆ పక్కనే ఉన్న సలాలా ఊరి వాన గురించి. "ఈడ నెలల కొద్దీ ముసురు పడ్తది నాగవేణీ, నువ్వు జూడాలె" అన్నాడు. తర్వాత ఒక శుక్రవారం ఫోను రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. ఆ తర్వాత ఆమె ఫోను పక్కన కూర్చోవడం మానలేదు గాని, మేడం అటు చూడడం మానేసింది.

రెండేళ్ళకు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. బస్సు ఆయా చీరలో నాగవేణి పిల్లలను ఎక్కిస్తుంటే ఒకాయన కాగితాలు పంచుతూ వచ్చాడు. తలెత్తకుండానే ఆమెకూ ఒకటి చాపి, "మీ ఇంట్ల ఓటున్నదా అమ్మా?" అని, మొహం చూసి ఆగిపోయాడు. రఘుపతి సారు. జుట్టు సగం తెల్లబడింది.

"సారూ, సురేందర్..."

"సైటు బందయింది. అందర్నీ సలాలా నుంచే ఇండియాకు పంపిన్రు. నాకూ తర్వాతనే తెలిసింది." ఆయన కాగితాల కట్ట చంక మార్చుకున్నాడు. "వాని ఊరు నీకు ఎరికనేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. జగిత్యాల దిక్కు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. ఆ దిక్కున ఎన్ని ఊళ్ళుంటాయో, ఎంతమంది సురేందర్లుంటారో.

"కంపెనీల అడిగిన. కాయితాలు దొరకలే" అన్నాడు సారు. చాపిన కాగితం వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాలేదు.

నాగవేణి దాన్ని అందుకుంది. మడిచి కొంగున ముడేసుకుంది.

"ఓటు ఉండాల్సింది సార్, మా ఇంటికీ ఒకటి" అంది. "మనిషే లేడు."

బస్సు కదిలింది. మధ్యాహ్నం ఒక్కో బిల్డింగు దగ్గర ఒక్కో పిల్లను దించుతూ ఆమె "పైలం" అంది. పిల్లలు రెండేళ్ళుగా వింటున్న మాట. మలయాళం పిల్లలూ గుజరాతీ పిల్లలూ, బైబై అన్నట్టు, రోడ్డు మీంచి చేతులూపుతూ తిరిగి "పైలం, పైలం" అని అరిచారు. ఒక్కరికీ అర్థం తెలియదు.

అందరూ దిగాక, షెడ్డుకు చేరేముందు, ఆమె మోకాళ్ళ మీద వంగి ఒక్కో సీటు కిందా చేయి పెట్టి చూసుకుంటూ చివరిదాకా వెళ్ళింది. ఎవరూ లేరు. అయినా ఇంకోసారి చూసింది.