తోమి బోర్లించిన గిన్నెలు

చెప్పండి. ఏం చూశారు?

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే పెద్దరోడ్డు మీద బస్సు దిగి, కంబయ్యపట్టికి మట్టిదారిన చీకట్లో నడిచినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ముందుకొచ్చి చెప్పండి. సీమతుమ్మ చెట్ల నడుమ మూతబడిన అగ్గిపెట్టెల ఆపీసును దాటే ఉంటారు. ఎట్లా దాటారు? సెల్‌ఫోను లైటు కాళ్ళ మీదికి వేసుకొని, తల దించుకొని, సామి పేరు గొణుక్కుంటూ... అంతేగదా? నాకు తెలుసు. చూడనివాడే చూసినట్టు చెబుతాడు. చూసినవాడు నోరు మూసుకుంటాడు.

మా వైపు అగ్గిపెట్టెలు చేసే చోటును ఆపీసు అనే అంటారు. కుర్చీలూ ఫ్యాన్లూ ఉండే ఆపీసు కాదు. ఆడపిల్లలు నేల మీద గొంతుక్కూర్చొని, చట్రాల్లో పుల్లలు పేర్చే ఆపీసు. ఒక ఎండాకాలం ఆ ఆపీసులో పుల్లలకు అద్దే మందు కలిపే గది అంటుకుంది. తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉందని కొందరన్నారు. లేదని ఓనరన్నాడు. తెల్లారకముందే వ్యానులో కుక్కి తెచ్చిన పొరుగూళ్ళ పిల్లల్లో కాలిపోయినవాళ్ళ పేర్లు ఎవరికీ సరిగ్గా తెలియనే తెలియవు. తరవాత మూసేశారు. రేకులు దొంగలు పీక్కుపోయారు. గోడలు మిగిలాయి.

రాత్రిపూట అక్కడ చట్రాలు కదులుతాయంటారు. టక్... టక్... అని పుల్లలు పేర్చే చప్పుడు వస్తుందంటారు. చూడండి, చెడ్డపేరు ఆ కాలిపోయిన పిల్లలకొచ్చింది. గొళ్ళెం పెట్టినవాడికి రాలేదు!

పోయిన ఎండాకాలం, చిత్తిరై నెలలో అక్కడ సుధాలక్ష్మికి ఏమైందో, విన్నది విన్నట్టు చెబుతాను.

ఆమె కాపురం తిరుప్పూరులో. బనియన్ కంపెనీలో కుట్టి కుట్టి కళ్ళు చెడగొట్టుకున్న మనిషి. ఏటా ఎండల్లో సెలవు పెట్టి తన వైపు వస్తుంది. ముందు కోవిల్‌పట్టిలో చిన్ననాటి నేస్తం కలైసెల్వి ఇల్లు, ఆ తరవాత కంబయ్యపట్టిలో తమ్ముడు సీనివాసన్ ఇల్లు. సుధాలక్ష్మి, కలైసెల్వి చిన్నప్పుడు ఆ ఆపీసులోనే పక్కపక్కన కూర్చొని పుల్లలు పేర్చినవాళ్ళు. ఆ నిప్పు అంటుకునేనాటికి ఇద్దరికీ పెళ్ళిళ్ళైపోయాయి.

ఆ రోజు కలైసెల్వి వీధిలో అమ్మవారి పొంగలికి మేకను కోశారు. కలైసెల్వి ఒక క్యారియరు నిండా కూరా అన్నం సర్ది, మూత మీద బొగ్గుముక్క పెట్టి, గుడ్డతో కట్టింది. మాంసం తీసుకొని చీకటి దారిన పోతే పేయి, అదే దయ్యం, వెంటపడుతుందని మా వైపు భయం. బొగ్గు ఉంటే ముట్టదంటారు. అప్పటికీ వెంటపడితే, తిండి అక్కడే పెట్టేసి వెనక్కి చూడకుండా పోవాలంటారు.

"ఇంకా ఇవన్నీ నమ్ముతావేమే?" అని నవ్వింది సుధాలక్ష్మి.

"బొగ్గు ఏమన్నా బరువా? ఊరికే మొయ్యి. క్యారియరు మాత్రం తిరిగి తెచ్చియ్యి తల్లీ. పోయిన తూరి పట్టుకుపోయిన డబ్బా నీ మరదలు ఊరగాయకు పెట్టేసుకుంది."

"డబ్బా పోయి ఏడాదైనా నీకు ఆ బాధ ఇంకా పోలేదే."

బస్సు దారిలో ఆగి, చెడి, మళ్ళీ కదిలి, దించేసరికి పొద్దుగూకిపోయింది. ఏటా బండి వేసుకొని రోడ్డు మీద కాచుకొని ఉండే తమ్ముడు లేడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

'సరి, నాకు తెలియని దారా?' అనుకొని నడిచింది.

నడివేసవి కత్తిరి ఎండలకు నల్లరేగడి నెర్రెలు విచ్చి, రాత్రి కూడా సెగ కక్కుతోంది. గాలి లేదు. తుమ్మ ఆకు కదలడం లేదు. ఆపీసు గోడ చీకట్లో ఇంకా నల్లగా కనిపించింది.

టక్...

ఆగింది.

టక్... టక్...

ఎలుకలేమో అనుకుంది. ఎలుకలైతే అంత వరసగా చప్పుడు చేస్తాయా? ఆ వరస ఆమె వేళ్ళకు తెలుసు. చట్రంలో పుల్ల పడే వరస అది.

చప్పుడు ఆగింది. గోడ అవతల నుంచి ఎవరో ఊపిరి పీల్చారు.

"నీళ్ళు..."

ఆడగొంతు. అరవంలో కాదు — మన మాటలో. బయట అడుగు పెడితే అందరం అరవమే మాట్లాడే ఊళ్ళో, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడే వాళ్ళ గొంతు.

"ఉంటే... పెట్టి పో..."

సుధాలక్ష్మి సంచిలోని నీళ్ళ సీసా, క్యారియరు గోడ మీద పెట్టింది. పెట్టిందో పడేసిందో ఆమెకే తెలియదు. వెనక్కి చూడలేదు. చెప్పు తెగితే చేతిలో పట్టుకొని పరుగెత్తింది.

తమ్ముడి ఇంటి ముందు రెండు మూడు బండ్లు ఆగి ఉన్నాయి. సీనివాసన్, అతని బామ్మర్ది రామసుబ్బు గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమెను చూసి ఆపేశారు.

"అక్కా! నడిచా వస్తివి?"

"లేదురా, ఎగిరొస్తిని. ఫోను ఎత్తితే నీ సొమ్మేమన్నా పోతుందా?" రొప్పుతూనే అరుగు మీద కూలబడింది. మరదలు పట్టమ్మాళ్ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కర్పగం యాడ? అత్త వస్తే ఎదురొచ్చే పిల్ల?"

పట్టమ్మాళ్ మొగుడి వైపు చూసింది. సీనివాసన్ బండి తాళం చూసుకున్నాడు.

"విరుదునగర్లో హాస్టల్లో ఉండాది. కంప్యూటరు క్లాసు."

దారిలో జరిగింది సుధాలక్ష్మి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. రామసుబ్బు మాత్రం ఒక అడుగు ముందుకొచ్చాడు.

"ఆడగొంతా?"

"పేయికి ఆడగొంతైతే ఏమి, మగగొంతైతే ఏమిరా?"

అతను సీనివాసన్ వైపు చూశాడు. ఆమెకు అప్పుడే ఏదో గుచ్చుకుంది.

తెల్లారగానే క్యారియరు కోసం ఒక్కతే పోయింది. నేస్తం గిన్నె. ఇచ్చి తీరాలి గదా.

గోడ మీద గిన్నెలన్నీ వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్క మెతుకు లేదు. బూడిదతో పొడిగా తోమి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మడిచి, దాని మీద బొగ్గుముక్క పెట్టి ఉంది.

సుధాలక్ష్మి అక్కడే కూర్చుండిపోయింది.

పేయి తింటుందేమో. గిన్నె తోముతుందా? ప్రాణం మీదికి వచ్చినా ఒకరి గిన్నె ఎంగిలిగా ఉంచకూడదనే బుద్ధి ఆడపిల్లకే ఉంటుంది. దెబ్బలు కొట్టి మరీ నేర్పాం గదా ఆ బుద్ధి!

క్యారియరు పట్టుకొని ఇంటికొచ్చేసరికి, పట్టమ్మాళ్ ఆ తోమిన గిన్నెలను చూసింది. చెయ్యి పట్టుకొని గొడ్లపాకలోకి లాగింది.

"వదినా... కర్పగం హాస్టల్లో లేదు."

"తెలుసులే. చెప్పు."

"రామ్‌కుమార్ అని ఒక పిల్లగాడు. మన కులం కాదు. వాడి కోసం ఇల్లు దాటింది. బస్టాండుల్లో, రైలుస్టేషన్లో అంతా మనవాళ్ళే కాపలా. దాటి పోలేదు, దగ్గర్లోనే యాడనో దాగి ఉండాదని మా తమ్ముడు అంటా ఉండాడు."

"దొరికితే?"

పట్టమ్మాళ్ పాక బయటికి ఒకసారి తొంగి చూసింది.

"నీ తమ్ముడు పత్తికి కొట్టే మందు తెచ్చి అటక మీద పెట్టినాడు... ఈ ఎండల్లో పత్తి యాడుంది వదినా?"

ఆ పగలంతా సుధాలక్ష్మి ఒక్క ముద్ద మింగలేదు. తాను ఎత్తుకొని పెంచిన తమ్ముడు. వాడి చేతికి ముల్లు గుచ్చుకుంటే ఏడ్చేవాడు. వాడా?

దీపాలు పెట్టే వేళకు బండ్లు మళ్ళీ వచ్చాయి. ఈసారి టార్చిలైట్లు.

"అక్కా," అన్నాడు సీనివాసన్, "ఆ ఆపీసును ఒకతూరి చూసొస్తాం. నువ్వు ఏ పక్కన వింటివి?"

సుధాలక్ష్మి గుమ్మంలో నిలబడింది.

"వినడం కాదురా. చూస్తిని. నిన్న మీరు భయపడతారని చెప్పలేదు."

"ఏం చూస్తివి?"

"కాళ్ళు నేలకు ఆనలేదు. జుట్టు లేదు, కాలిన వాసన. ఎవరింటికి పోతావు అని అడిగింది. నేను చెప్పలేదు. ఎవరి కడుపు ఖాళీగా లేదో వాళ్ళింటికి పోతానంది." రామసుబ్బు వైపు తిరిగింది. "నీ పెండ్లాం కడుపుతో ఉండాది గదరా? పో. పోయి వెంటబెట్టుకొని రా."

రామసుబ్బు చేతిలో టార్చి ఆరిపోయింది. తనే ఆర్పాడో, జారి ఆరిందో.

"తెల్లారినాక పోదాం బావా," అన్నాడు నేల చూస్తూ.

చూశారా మగతనం! కన్నపిల్లను చంపడానికి భయం లేదు. చచ్చిన పిల్లంటే భయం.

ఇంకా చీకటి ఉండగానే సుధాలక్ష్మి లేచింది. మిగిలిన సంగటి, ఉల్లిగడ్డ, నీళ్ళు క్యారియరులో పెట్టుకొని పెరటి దారిన పోయింది. గోడ దగ్గర నిలబడి గొంతు తగ్గించి పిలిచింది.

"తల్లీ... నేనే. మీ అత్తను."

గోడకు ఇంకా దగ్గరగా జరిగింది.

"పెద్దరోడ్డు ఎక్కద్దు. చేలకు అడ్డంపడి రైలు పట్టాల పక్కనే నడువు. కోవిల్‌పట్టిలో కలైసెల్వి ఇల్లు... కడలమిఠాయికి పల్లీపాకం కాచే ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. సుధాలక్ష్మి అత్త పంపిందని చెప్పు. ఇంకేమీ చెప్పద్దు."

గోడ సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా చీకటే. క్యారియరు అందుకునేటప్పుడు వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి. నిప్పులా కాలుతున్నాయి.

"జ్వరమా తల్లీ?"

"ఎప్పటినుంచో..." అంది గొంతు.

తుమ్మకొమ్మలు కదిలాయి. అంతే.

ఎండెక్కాక మగవాళ్ళు పోయి ఆపీసంతా కలియదిరిగి, ఉత్త చేతులతో వచ్చారు. రామసుబ్బు బస్టాండు చూసొస్తానని కోవిల్‌పట్టి వైపు బండి తిప్పాడు. సీనివాసన్ అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నాడు. సుధాలక్ష్మికి ఊపిరి తిరిగింది. పిల్ల ఈపాటికి చేరి ఉంటుంది అనుకుంది.

అప్పుడు ఫోను మోగింది. తెలియని నంబరు.

"అత్తా... నేను కర్పగాన్ని."

సుధాలక్ష్మి పెరట్లోకి నడిచింది. "చేరితివా తల్లీ? తిన్నావా? జ్వరం తగ్గిందా?"

"జ్వరమా? నాకేమి జ్వరం? అత్తా, నేను హోసూరులో ఉండాను. నువ్వు ఊరికొచ్చే ముందురోజే పెండ్లయిపోయింది. పోలీసు స్టేషన్లో సంతకాలు కూడా పెట్టినాం. అమ్మకు మాత్రం చెప్పు, బాగుండానని."

"మరి... ఆపీసులో?"

"ఏ ఆపీసు?" అవతల గొంతు నిజంగానే అర్థం కాక అడిగింది. "కాలిపోయిందే, ఆ ఆపీసా? అయ్యో అత్తా, పగలే ఆ పక్కకు పోను నేను. నాకు భయం."

పిల్ల బతికి ఉంది. సుధాలక్ష్మి కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ తన చేతివేళ్ళు చూసుకుంది. చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆ ఫోను పెట్టీపెట్టకముందే ఇంకొకటి. కలైసెల్వి.

"ఒసే, నువ్వు పంపినావని ఒక పిల్ల వచ్చింది. పెరట్లో కూర్చోబెట్టినా. తల మీద గుడ్డ తియ్యదు. నీ పేరు తప్ప ఇంకో మాట లేదు. నేను పొయ్యి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీసినా చూడు... చెవులు మూసుకొని ఒక్క అరుపు అరిచింది. వీధంతా తిరిగి చూసింది."

సుధాలక్ష్మి కందిన వేళ్ళను కొంగులో చుట్టుకుంది.

"వింటా ఉండావా? మీ రామసుబ్బు వీధి మొదట్లో బండి ఆపి కర్పగం వచ్చిందా అని ఇల్లిల్లూ అడుగుతా వస్తా ఉండాడు. నీ మేనకోడలు ఉయ్యాల్లో ఉండగా చూసినా, మొహం గుర్తు లేదు. మీ పిల్లయితే ప్రాణం పోయినా దాస్తా. కాకపోతే... నాకూ పిల్లలుండారు, ఎవరో ఏమో, ఇప్పుడే బయటికి పంపించేస్తా. గట్టిగా చెప్పు. ఇది మీ పిల్లేనా?"

ఏ ఊరి నుంచి పారిపోయి వచ్చిన పిల్లో. ఏనాడో ఏ వ్యానులో వచ్చి, ఇంటికి తిరిగి పోని పిల్లో. సుధాలక్ష్మికి తెలియదు. నాకూ తెలియదు.

కలైసెల్వి ఫోను పట్టుకొని కాచుకొని ఉంది. వీధిలో బండి చప్పుడు దగ్గరికొస్తోంది. ఆ ఫోను మీ చేతిలో ఉంటే, మీరేం చెబుతారు — మీ పిల్లేనా, కాదా?