సెనేటర్ కెస్లర్ అనని మాట

కాఫీ కప్పు పెదవుల దగ్గర నుంచి దించకుండానే పెరీ లిండ్‌క్విస్ట్ కుప్పకూలిపోయాడు.

ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో, నది ఒడ్డున, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న గవర్నర్ విట్‌కమ్ ఎన్నికల సభ జోరుగా సాగుతోంది. బ్యాండు మోగుతోంది. విట్‌కమ్ తన పేరున్న టోపీలు జనంలోకి విసురుతూ, మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీని తానే తెరిపించానని మైకులో అరుస్తున్నాడు. ఆ ఫ్యాక్టరీ అక్కడికి మైలు దూరంలోనే, గేటుకు తాళంతో, తుప్పు పట్టి ఉంది. ఒక్క కెమెరా కూడా అటు తిరగలేదు. సౌండ్ బల్ల వెనక పడిపోయిన మనిషి వైపూ తిరగలేదు.

అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. గుండెపోటు అనుకున్నారు అందరూ. నార్త్‌లైట్ న్యూస్ చానల్ సౌండ్ ఇంజనీరుగా ప్రెస్ బస్సులో తిరుగుతున్న ఆ మనిషి అసలు ఉద్యోగం విదేశీ గూఢచారులను పట్టే రహస్య శాఖలోనని అక్కడ ఎవరికీ తెలియదు. చనిపోయే ముందు అతని ఫోన్ నుంచి ఒకే ఒక్క సందేశం వెళ్ళింది.

'ఆకులు రాలుతున్నాయి. గురువారం.'

మర్నాడు ఉదయం ఏజెంట్ రాయిస్ హాడ్లీ టొలీడోలో దిగాడు. పళ్ళ డాక్టరు బోర్డు తగిలించిన అద్దె గదిలో అతని పై అధికారి ఇమోజెన్ స్ట్రాబ్ ఎదురు చూస్తోంది. నెరిసిన జుట్టు, నిద్ర లేని కళ్ళు.

"కూర్చో రాయిస్."

"పళ్ళు పీకే కుర్చీలోనా?"

"నవ్వే ఓపిక నాకు లేదు. పెరీది గుండెపోటు కాదు. కాఫీలో విషం."

 హాడ్లీ పెళ్ళిలో పక్కన నిలబడినవాడు పెరీ. ఆ పెళ్ళి పెటాకులైనప్పుడు సామాన్ల పెట్టెలు మోసినవాడూ వాడే.

"ఆకులంటే దొంగ రికార్డింగు" అంది స్ట్రాబ్. "రాలడమంటే బయటికి వదలడం. గురువారం అంటే నీకు తెలుసు."

"చివరి డిబేట్. విట్‌కమ్, సెనేటర్ కెస్లర్."

"ఆ డిబేట్‌లో కెస్లర్ గొంతుతో ఒక మాట వినిపించబోతున్నారు. 'ఈ ఉక్కు ఊళ్ళవాళ్ళు ఎలాగూ పోయేవాళ్ళే, వాళ్ళ పెన్షన్ల మీద డబ్బు తగలెయ్యడం దేనికి' అని. ఆవిడ జన్మలో అనని మాట. కంప్యూటర్లో పుట్టించిన గొంతు. దేశమంతా లైవ్‌లో వింటుంది. ఎన్నికలకి ఇంకెన్నాళ్ళుంది? అబద్ధమని తేలేలోగా ఓట్లు పడిపోతాయి."

"ఎవరి పని?"

"కోరస్. సముద్రం అవతల నుంచి నడిచే ముఠా. ఇక్కడి నాయకుడిని నువ్వు రోజూ టీవీలో చూస్తూనే ఉంటావు." ఆమె ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

హాడ్లీ కళ్ళు చిట్లించాడు. "కాన్రాడ్ వేల్? ఎన్నికల విశ్లేషకుడు?"

"వాడే. రెండేళ్ళుగా రోజూ తెర మీద కూర్చుని ఒహాయో మనసు ఇదీ అని మనకే చెబుతున్నాడు. అసలు ఏ ఊరివాడివయ్యా అని ఒక్కడూ అడగలేదు. టై బాగుంటే చాలు."

"అయితే చానల్‌కి చెప్పేద్దాం. కెస్లర్‌కి చెప్పేద్దాం."

స్ట్రాబ్ చేదుగా నవ్వింది. "చెబితే ఒక పార్టీ కొమ్ము కాసినట్టట. వాషింగ్టన్ నుంచి ఆర్డరు. ఇల్లు కాలుతున్నా ఇంటివాడికీ, నిప్పు పెట్టినవాడికీ మధ్య సమానంగా నిలబడాలట మనం. కాబట్టి నోరు విప్పకుండా ఆపాలి."

"లోపల మన మనిషి ఎవరైనా?"

"ఉంది. రహస్య నామం కార్డినల్, ఎర్ర పిట్ట పేరు. వేల్ ఆమెను తన మనిషే అనుకుంటాడు. మనం మన మనిషి అనుకుంటున్నాం." ఆమె ఒక్క క్షణం ఆగింది. "సెలెస్ట్ వర్గా."

హాడ్లీ ఈల వేశాడు. సెలెస్ట్ వర్గా నార్త్‌లైట్ చానల్‌కి మకుటంలాంటి యాంకర్. ఆమె కనుబొమ్మ ఎత్తితే ఒక సెనేటర్‌కి చెమట పడుతుంది. గురువారం డిబేట్ నడిపేదీ ఆమే.

"పెరీ ఆమెను నమ్మాడా?"

"లేదు. నువ్వూ నమ్మకు."

*

హాడ్లీ మేకప్ మనిషిగా చానల్‌లో చేరాడు. రంగు వేసిన జుట్టు, చెవికి చిన్న పోగు, మెడలో పౌడరు పెట్టె. ఆ పెట్టె అడుగున వైర్‌లెస్ సంకేతాలను చంపేసే పరికరం ఉంది. బ్రష్షు కాడలో గుండీ అంత మైకు.

ప్రముఖుల ముఖాలకు పౌడరు అద్దుతూ రెండు రోజుల్లో అతను విన్నది, శిక్షణలో నేర్చుకున్న దానికంటే ఎక్కువ. సోమవారం నాటి విట్‌కమ్ ప్రసంగం మీద చర్చ జరుగుతోంది. ఫ్యాక్టరీ తెరిచారా లేదా అని ఎవరూ అడగలేదు. ఆ మాట ఓటర్లకి ఎక్కిందా లేదా అని గంటసేపు వాదించుకున్నారు. ఆ తర్వాత కెస్లర్ దగ్గు మీద పడ్డారు. పొడి దగ్గా, కంగారు దగ్గా?

హాడ్లీ ఉండబట్టలేక ప్రొడ్యూసర్ గ్లెన్ టాలివర్‌ని కదిపాడు. "సార్, ఆ ఫ్యాక్టరీ గేటుకి తాళం ఉంది కదా. నేను వస్తూ చూశాను. ఒక కెమెరా పంపిస్తే తేలిపోతుందిగా?"

టాలివర్ హాట్ డాగ్ నములుతూ అతన్ని జాలిగా చూశాడు. "పిచ్చోడా, తేలిపోతే రేపేం చూపిస్తాం? తాళం ఉందని మేమంటే ఆయన మీద కక్ష కట్టామంటారు. ఉందనేవాణ్ణి ఒకణ్ణి, లేదనేవాణ్ణి ఒకణ్ణి కూర్చోబెడతాం. తేల్చుకోవడం జనం పని."

"జనం ఎలా తేల్చుకుంటారు సార్?"

"నీ పని పౌడరు. అది చూసుకో నాయనా."

బుధవారం హాడ్లీ కాన్రాడ్ వేల్ ముఖానికి పౌడరు వేశాడు. నున్నటి గడ్డం, తీయటి గొంతు. కాలర్ సర్దే నెపంతో మైకు గుండీని లోపలికి గుచ్చాడు. తన స్నేహితుణ్ణి చంపిన మనిషి మెడ అతని రెండు చేతుల మధ్యా ఉంది. 

"బాగా వేస్తున్నావోయ్" అన్నాడు వేల్.

"ముఖం బాగుంటే మా పని తేలిక సార్."

ఆ తర్వాత కుర్చీలోకి సెలెస్ట్ వర్గా వచ్చింది. ఎర్ర గౌను, నల్లటి పొట్టి జుట్టు. తలుపు వేయించి, అద్దంలోంచే అతన్ని చూసింది.

"తుపానులో కార్డినల్ ఎక్కడ తలదాచుకుంటుంది?" అన్నాడు హాడ్లీ. అది సంకేత వాక్యం.

"ఆకులు రాలని చెట్టు మీద." ఆమె నవ్వింది. "మీ పెరీ కంటే నువ్వే నయం. వాడికి మైకు పట్టుకోవడం కూడా వచ్చేది కాదు పాపం."

"వాడి గురించి వెటకారం వద్దు. రికార్డింగ్ ఎక్కడ?"

"హాలు పైన కంట్రోల్ రూమ్‌లో పెడతాడు. ఆఖరి ప్రశ్న నాది. రికార్డింగు అన్న మాట నా నోట రాగానే వినిపిస్తారు."

"అడగకుండా ఉండొచ్చుగా?"

"అడక్కపోతే నేను మీ మనిషినని వేల్‌కి తెలిసిపోతుంది. నాకూ కాఫీ అంటే ఇష్టమే రాయిస్."

*

గురువారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. కెస్లర్ నీలం కోటులో నిటారుగా నిలబడింది. మాజీ స్కూలు టీచరు. పెన్షన్ల లెక్కలు ఓపిగ్గా చెబుతోంది. విట్‌కమ్ ఆమె దగ్గును అనుకరించి చప్పట్లు కొట్టించుకుంటున్నాడు.

హాడ్లీ పైన కంట్రోల్ రూమ్ తలుపు దగ్గర మాటు వేశాడు. లోపల టాలివర్, సిబ్బంది తప్ప ఎవరూ లేరు. చెవిలోని పరికరంలో వేల్ కాలర్ నుంచి శబ్దాలు వస్తున్నాయి. జనం గోల కాదు. జనరేటర్ రొద.

జనరేటర్ హాల్లో లేదు. బయట ఉంది. ప్రసారాల వ్యాను పక్కన!

సెలెస్ట్ అబద్ధం చెప్పింది. హాడ్లీ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పరుగెత్తాడు. కార్ల మధ్య నుంచి, తీగల మీద నుంచి, వ్యాను దాకా. తలుపు లాగాడు.

టెక్నీషియన్ నేల మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. వేల్ బోర్డు ముందు కూర్చుని, మీట మీద వేలు ఆనించి, తెర వైపు చూస్తున్నాడు. తెర మీద సెలెస్ట్ కార్డు తిప్పింది.

"సెనేటర్ కెస్లర్, ఇది ఆఖరి ప్రశ్న. మీ గొంతుతో ఉన్న ఒక రికార్డింగు..."

హాడ్లీ పౌడరు పెట్టె మీట నొక్కాడు. ఏమీ జరగలేదు. వేల్ వెనక్కి తిరిగి నవ్వాడు.

"తీగ మీద వెళ్తోందోయ్. గాలిలో కాదు. మీ శాఖవాళ్ళు ఇంకా పాత పాఠాలే చెబుతున్నారా?"

అతని చేతిలో పెన్ను మెరిసింది. దాని మొనలో సూది. అది గొంతు మీదికి వస్తుండగా హాడ్లీ పెట్టెలోని పౌడరంతా ఎత్తి వేల్ కళ్ళల్లో కొట్టాడు. వేల్ గుడ్డిగా తడుముతూ మీట నొక్కేశాడు. అదే క్షణంలో హాడ్లీ బోర్డు వెనకకు చెయ్యి దూర్చి, హాల్లోకి వెళ్ళే లావుపాటి తీగను రెండు చేతులతో పెరికేశాడు. నిప్పురవ్వలు లేచాయి. భుజం దాకా షాకు కొట్టింది. తెర నల్లబడింది.

హాల్లో నిశ్శబ్దం. సెలెస్ట్ చెవిలోనూ నిశ్శబ్దం. ఒక్క రెప్పపాటు ఆమె కార్డు వైపు చూసింది. ఎవరు గెలిచారో ఆమెకు అర్థమైంది.

"...అన్నది పక్కన పెడదాం. సెనేటర్, పెన్షన్ల మీద మీ పథకం మరోసారి చెబుతారా?"

కెస్లర్ చెప్పింది. చక్కగా చెప్పింది. వ్యానులో కాన్రాడ్ వేల్ తెల్లటి ముఖంతో, చేతులకు సంకెళ్ళతో కూర్చున్నాడు.

*

శుక్రవారం ఉదయం హాడ్లీ కట్టు కట్టిన చేత్తో ఒక చిన్న హోటల్లో గుడ్లు తింటున్నాడు. ఎదురుగా స్ట్రాబ్. గోడ మీది టీవీలో సెలెస్ట్ వర్గా.

"ఉక్కు ఊళ్ళ పెన్షన్లు దండగని సెనేటర్ అన్న రికార్డింగు ఉందా? మేము వినలేదు. కానీ ఉందన్న చర్చ దేశమంతా సాగుతోంది. సెనేటర్ ఎందుకు నోరు విప్పడం లేదు?"

హాడ్లీ ఫోర్కు ఆగిపోయింది. "చర్చ ఎవరు లేపారు? సగం వాక్యం అన్నది తనే కదా!"

మధ్యాహ్నానికి కెస్లర్ నోరు విప్పింది. అలాంటి మాట తానెప్పుడూ అనలేదంది. సాయంత్రం అన్ని చానళ్ళలో ఒకటే శీర్షిక: 'నిరాకరించిన కెస్లర్'. నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఆ నిరాకరణలో కంగారు ఉందా లేదా అని చూశారు.

"మనం ఒక ప్రకటన ఇద్దాం" అన్నాడు హాడ్లీ. "దొంగ సరుకు పట్టుకున్నాం అని ఒక్క ముక్క."

"ఎన్నికలయ్యాక ఇవ్వమన్నారు" అంది స్ట్రాబ్, అతని ముఖం చూడకుండా.

హాడ్లీ సెలెస్ట్‌కి ఫోన్ చేశాడు. "అది దొంగదని నీకు తెలుసు."

"నిజమని నేనెక్కడన్నాను? ప్రశ్న అడిగాను, అంతే."

"నాకు అబద్ధం చెప్పావు. వ్యానులో ఉంటే కంట్రోల్ రూమ్ అన్నావు."

"ఎవరు గెలుస్తారో తెలీదుగా రాయిస్. మీరు గెలిస్తే మీ మనిషిని, వాళ్ళు గెలిస్తే వాళ్ళ మనిషిని. మా వృత్తిలో దీన్ని సమతూకం అంటారు."

"పెరీ ఎవరో వేల్‌కి ఎవరు చెప్పారు?"

 ఆమె గొంతు సన్నబడింది. "నాకు లైవ్ ఉంది."

ఫోన్ పెట్టేసింది. ఆమెను పట్టుకోవడానికి అనుమతి అడిగితే, పత్రికాస్వేచ్ఛ మీద దాడి అంటారని వాషింగ్టన్ వద్దంది.

వేల్‌ని వాంగ్మూలం కోసం కలిసినప్పుడు వాడు కాపలావాళ్ళ గదిలోంచి వినిపించే టీవీని చెవులు రిక్కించి వింటున్నాడు. "రెండేళ్ళు కష్టపడ్డాను. ఒక మనిషిని చంపాను" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "మీవాళ్ళు ఇంత బాగా చేస్తారని తెలిస్తే మా దేశంలోనే హాయిగా ఉండేవాణ్ణి." హాడ్లీ వాణ్ణి కొట్టలేదు. కొట్టాలనిపించిన ముఖం అదొక్కటే కాదు మరి.

నవంబరులో కెస్లర్ ఒహాయోలో ఓడిపోయింది, దాంతో అధ్యక్ష పదవీ చేజారింది. ఉక్కు ఫ్యాక్టరీ వీధుల్లోనే ఆమెకు అన్నిటికంటే తక్కువ ఓట్లు పడ్డాయి. పెన్షన్ల కోసం గొంతు పోయేలా మాట్లాడిన మనిషిని, పెన్షన్లు ఎత్తేస్తానన్నదని నమ్మి ఓడించారు. రికార్డింగు మాత్రం ఎవరూ వినలేదు.

ఫలితాల తర్వాతి వారం, విదేశీ ముఠా దొంగ రికార్డింగును పట్టుకున్నామని, కింద హాడ్లీ నంబరుతో, శాఖ చిన్న ప్రకటన ఇచ్చింది. ఆ మధ్యాహ్నమే హాడ్లీకి గ్లెన్ టాలివర్ ఫోన్ చేశాడు. తన దగ్గర పౌడరు వేసిన మనిషితో మాట్లాడుతున్నానని అతనికి తెలియదు.

"ఆఫీసర్ గారూ, రేపు పెద్ద చర్చ పెడుతున్నాం. విదేశీ ముఠా నిజంగా ఉందా, లేదా? లేదనే ఆయన దొరికాడు. ఉందనేవాళ్ళు మీరొకరు వస్తే బావుంటుంది."

"లేదనే ఆయనకి దీని గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదండీ. కానీ భలే మాట్లాడతాడు!"

విషయం తెలిసినవాణ్ణి కాబట్టి ఆ చర్చకి పనికిరానని చెప్పి హాడ్లీ ఫోన్ పెట్టేశాడు. మర్నాడు అతని కుర్చీలో ఇంకొకాయన కూర్చున్నాడు. ఆయన టై చాలా బాగుంది.