ఎంతమందున్నారే, అక్కా?

మా చెల్లెలు ఫణిశ్రీ హరికథలు చెప్పేది. మా నాయనమ్మ చిడతలు దానికొచ్చాయి, నాకు శ్రుతిపెట్టె పని వచ్చింది. ముప్పై ఏళ్ళు దాని వెనకాల చాప మీద కూర్చుని శ్రుతి వేశాను. నాకు పాట రాదు. మా ఇంట్లోవాళ్ళు ఏ ఏడు ఏ ఊళ్ళో ఏ కథ చెప్పారో, ఎవరు శాలువా కప్పారో గుర్తుపెట్టుకోవడమే నాకొచ్చిన విద్య.

ఫణికి చూపు తక్కువ. ముందు వరుస దాటితే అంతా మసకే. కళ్ళద్దాలు పెట్టుకోవే అంటే వినేది కాదు.

"కళ్ళద్దాలతో గజ్జె కడితే బ్యాంకు మేనేజరు చిందులేసినట్టుంటుందక్కా," అని నవ్వేది.

అందుకని మొదటి పాట అవగానే, పమిట సర్దుకునే నెపంతో నావైపు వంగి, పెదవులు కదలకుండా అడిగేది.

"ఎంతమందున్నారే?"

"నిండిపోయారే తల్లీ. నిలబడ్డానికి చోటు లేదు," అనేదాన్ని.

మొదట్లో అది నిజమే. తర్వాత్తర్వాత రెండొందలమంది యాభై అయ్యారు, యాభై పదిహేనయ్యారు. నా మాట మాత్రం మారలేదు. దేవుడి పటం ముందు కూర్చుని అబద్ధమాడుతున్నానని తెలుసు. ఇంటికొచ్చాక ఇంకో నూటెనిమిదిసార్లు రామనామం రాసుకునేదాన్ని. కానీ ఆ మాట వింటే దాని వీపు నిటారయ్యేది. గజ్జె గట్టిగా మోగేది. లేని జనానికి దణ్ణం పెట్టి, "శ్రీమద్రమారమణ గోవిందో..." అని ఎలుగెత్తి, చెవి ఒగ్గేది. వినేవాళ్ళు "హరి" అనాలి. అది హరికథ పద్ధతి. ఎవరూ అనకపోతే వెనకనుంచి నేనే అనేదాన్ని. ఒకసారి ముసలి గొంతుతో, ఒకసారి సన్న గొంతుతో. చూపు లేని పిల్ల, నమ్మేసేది.

నిరుడు తణుకు దగ్గర ఒక పల్లెలో శ్రీరామనవమి పందిరి. ఏడోరోజు కథ మాది. స్వామి కళ్యాణం. పక్క వీధిలో ఆర్కెస్ట్రా పెట్టారు. మొదలుపెట్టేసరికి పదిమంది ఉన్నారు. గంట తిరిగేసరికి ఎర్ర కుర్చీలు, వాటి మీద ట్యూబులైటు వెలుగు. అంతే.

ఫణికి చెమటలు పడుతున్నాయి. ఎడమ భుజం మాటిమాటికీ నొక్కుకుంటోంది. పెళ్ళికూతురు వరమాల ఎత్తే ఘట్టంలో అది తన మెడలో దండ తీసి, రెండు చేతులతో పైకెత్తి ఒక్క క్షణం ఆగుతుంది. పెళ్ళి చేసుకోని పిల్ల... ఏటా ఆ దండ ఎత్తినప్పుడు దాని ముఖం చూడాలి. ఆ రోజూ ఎత్తింది.

"ఎంతమందున్నారే?"

ఎలాగైనా దాన్ని కిందికి దింపాలి. నాకు తోచింది అదొక్కటే.

"ఒక్కరూ లేరే. ఎప్పుడో లేచిపోయారు. దిగు, ఆసుపత్రికి పోదాం," అని శ్రుతిపెట్టె ఆపేశాను.

అది నావైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో.

"మరి ఇన్నాళ్ళూ?" అంది.

అదే ఆఖరి మాట. ఆటో తణుకు చేరేలోపే అయిపోయింది. కథ మొదలెట్టాక మంగళం పాడకుండా దిగకూడదని మా నాయనమ్మ చెప్పేది. నేను దింపేశాను. ఎత్తిన దండ ఎత్తినట్టే ఉండిపోయింది.

ఈ ఏడు ఆ పందిరి కమిటీ ప్రసన్నకుమార్ గారు ఫోన్ చేశారు.

"చెల్లెలుగారి ఫోటో పెట్టి దండ వేస్తామమ్మా. మీరొచ్చి దీపం వెలిగించాలండి. ఆ శ్రుతిపెట్టె కూడా తెచ్చారంటే పక్కన పెడదాం."

వెళ్ళాను. సాయంత్రం ఆరవుతోంది. కొత్త తాటాకుల వాసన, బిందెలో కలిపిన పానకం వాసన. కుర్చీలు ఇంకా వెయ్యలేదు, ఒకదాంట్లో ఒకటి దొంతరలుగా మూలన ఉన్నాయి. వేదిక మీద ఫణి ఫోటో, దానికి బంతిపూల దండ. ఎప్పటిలాగే వేదిక మీదే వెనకగా, చాప మీద, పందిరివైపు ముఖం పెట్టి కూర్చున్నాను.

"ఈసారైనా జనం వస్తారాండి?" అని అడిగాను.

"రాక ఎక్కడికి పోతారండి? భోజనాలు పెడుతున్నాంగా!" అని నవ్వారాయన.

అంతలో కరెంటు పోయింది.

"జనరేటర్ సంగతి చూసొస్తాను. మెట్టు సరిగ్గా లేదు, మీరు కదలకండమ్మా," అని వెళ్ళిపోయారు.

తాటాకుల సందుల్లోంచి కాస్త ఎర్రటి వెలుగు. అది కూడా మెల్లగా ఇంకిపోతోంది. కాలవ మీంచి చల్లగాలి వచ్చింది. గట్టు మీద ట్రాక్టరు చప్పుడు దూరమై, దూరమై ఆగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పక్షులు కూడా అరవలేదు.

శ్రుతిపెట్టె నా ఒళ్ళో ఉంది. దాని కరెంటు వైరు చేతిసంచిలోనే ఉంది.

పెట్టె మోగింది.

సన్నగా... ఫణి శ్రుతిలో. మీట తిప్పాను. ఆగలేదు. ఒళ్ళో చిన్నపిల్ల ఊపిరి తీస్తున్నట్టు వణుకుతోంది. వాసన కూడా వచ్చింది. కథకి ముందు ఫణి మోకాళ్ళకి రాసుకునే నొప్పుల మందు వాసన. చెమటకి తడిసిన పూల వాసన.

గజ్జె. ఒక్క అడుగు.

చాప చివర... ఇంకో అడుగు.

సందెవేళ కనబడనివాళ్ళు పిలిస్తే పలకకూడదని మా అమ్మ చెప్పేది. కళ్ళు మూసుకుని రామ రామ అనుకున్నాను.

"అక్కా... ఎంతమందున్నారే?"

చెవి పక్కనే. పెదవులు కదలని ఆ గుసగుస. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"ఎంతమందున్నారే...?"

ఈసారి ఆ గొంతులో సిగ్గు వినిపించింది. నలుగురిలో నవ్వులపాలైనవాళ్ళ సిగ్గు. ఏడాదిగా అది ఆ సిగ్గుతోనే నిలబడి ఉందా? అమ్మ మాట మర్చిపోయాను. కళ్ళు తెరిచి పందిట్లోకి చూశాను. మట్టినేల. మూలన కుర్చీల దొంతరలు. ఎవరూ లేరు.

"నిండిపోయారే తల్లీ... నిలబడ్డానికి చోటు లేదు."

గజ్జె ఘల్లుమంది.

"శ్రీమద్రమారమణ గోవిందో..."

ఆగింది. చెవి ఒగ్గి ఉంటుంది, నాకు తెలుసు. నేనే అనాలి. ఎప్పట్లాగే గొంతు మార్చి అనాలి. కానీ ఏడుపు తన్నుకొచ్చింది. వేదిక మీద వెనక కూర్చున్నవాళ్ళు ఏడవకూడదు. రెండు చేతులూ నోటికి అదిమిపెట్టుకున్నాను.

"హరీ...!"

పందిరంతా అంది.

నా ఎదురుగా, ఆ ఖాళీ నేల మీంచి. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు... వందల గొంతులు. తాటాకులు గలగలలాడాయి. ఆ తర్వాత ఎవరో మెత్తగా నేల మీద నడిచి వెళ్ళిన చప్పుడు. ఫణి గొంతు మంగళం అందుకుంది. ఒక్క అక్షరం తడబడలేదు. చివరి మాట దగ్గర అది నవ్విందనిపించింది.

పెట్టె దానంతటదే ఆగిపోయింది.

లైట్లొచ్చాయి. ప్రసన్నకుమార్ గారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు.

"జనం వచ్చేశారనుకున్నానమ్మా! ఎవరండి హరి అన్నది?" అని పందిట్లోకి చూసి ఆగిపోయారు. "ఆ కుర్చీ ఎవరేశారండి?"

దొంతరలన్నీ మూలనే ఉన్నాయి. మధ్యలో ఒకే ఒక్క కుర్చీ, వేదికకి ఎదురుగా. దాని మీద, ఎత్తిన చేతుల్లోంచి దింపినట్టు బంతిపూల దండ. ఫోటో బోసిగా ఉంది.

"నాకు తెలీదండి," అన్నాను.

అదీ అబద్ధమే. కుర్చీ సంగతి తెలీదు గానీ, ఆ గొంతుల్లో ఒకటి నాకు తెలుసు. అందరికంటే ముందు అందుకున్నది అదే. ఏళ్ళ తరబడి లేని జనం కోసం మార్చి మార్చి పలికిన గొంతు... నాది.

అప్పుడు నా రెండు చేతులూ నోటి మీదే ఉన్నాయి.