మొదటికొచ్చిన వేట

"రీసెట్ కొట్టు. ఎప్పుడు తోస్తే అప్పుడు కొట్టు. వరస పెట్టావో, పట్టుబడతావ్."

చీఫ్ బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ ముంగిస దాన్ని పొల్లుపోకుండా పాటించాడు. శత్రువుల ల్యాబ్‌లో ఏసీ మెకానిక్ వేషం, వాచీలో దాచిన బటన్. అది నొక్కినప్పుడల్లా అద్దాల గదిలోని క్వాంటం యంత్రం వేట వదిలేసి, బయల్దేరిన చోటికే వచ్చి పడుతుంది.

అది వెతుకుతున్నది మన గూఢచారుల కోడ్ కీ. దొరికిన మరుక్షణం ముందుగా బయటపడేది శత్రువుల హెడ్‌క్వార్టర్స్‌లో టైపిస్టుగా ఉన్న ముంగిస అక్క.

కానీ ఎన్ని వారాలు నొక్కినా, వేట ఎంత దగ్గరపడిందో చూపే పచ్చగీత ఆగలేదు సరికదా, జోరందుకుంది.

"దిక్కుమాలిన డబ్బా!" అని పళ్ళు నూరుతుండగా హైహీల్స్ టకటకలాడాయి. డాక్టర్ నెమలి. ల్యాబ్ బాస్‌కి కుడిభుజం, మనకి డబుల్ ఏజెంట్.

"ఏమయ్యా, ఆ రీసెట్లు నీ నిర్వాకమేనా?" గుసగుసగా కసిరింది.

"చీఫ్ ఆర్డర్ మరి!"

"మన చీఫ్ బుర్రకి బూజు పట్టింది! దాని మానాన వదిలేస్తే ఆ వేట ఎటో కొట్టుకుపోయేది. దారి తప్పినప్పుడల్లా చెయ్యి పట్టి తెచ్చి మొదట్లో నిలబెడుతున్నావ్. కీ తొందరగా దొరికి చావదా?"

ఇన్నాళ్ళూ అక్క మెడకి ఉరితాడు పేనింది తనేనన్నమాట! ముంగిస బటన్ మీంచి వేలు తీసేశాడు.

"ఆపేయనా?"

"ఇప్పుడా? గీత అంచుకొచ్చేసింది. ఆపకుండా నొక్కు! అడుగు వెయ్యకముందే వెనక్కి లాగు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. యంత్రాన్ని చల్లబరిచే హీలియం వాల్వు తాళంచెవి ఇప్పుడే కొట్టేశాను, వెళ్ళి గ్యాస్ వదిలేస్తా. చల్లదనం పోయిందంటే యంత్రం చచ్చినట్టే."

"ఎంతసేపు?"

"నొక్కవయ్యా, మాటలేంటి!"

ఆమె మాయమైంది. అతను నొక్కుతూనే ఉన్నాడు. వాచీ వేడెక్కి మణికట్టు బొబ్బలెక్కింది. గీత అంచుకి వెంట్రుకవాసి దూరంలో నిలిచిపోయింది. ల్యాబ్ బాస్ పరుగెత్తుకొచ్చి స్క్రీన్‌ని ఎడాపెడా బాదాడు.

"ఇది కదలదేం? ఉక్క పోస్తోందేం? ఏం చేస్తున్నావురా మెకానిక్కూ?"

"చూస్తున్నా సార్. గ్యాస్ అయిపోయినట్టుంది."

పైపులు ఉస్సురన్నాయి. స్క్రీన్ నల్లబడింది.

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు సార్," అన్నాడు ముంగిస, బొబ్బలు ఊదుకుంటూ. "ఏమీ జరక్కుండా చూసేసరికే ప్రాణం పోయింది."